గౌరిబిదనూరు దాటి పొలం కొనేముందు

నాయనా,

నిన్న ఫోన్లో మూడెకరాలు చూశానని, మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచుతానని, బెంగళూరు యలహంక నుంచి ఆదివారాలు వెళ్లొస్తానని చెప్పావు. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

పొలం కాగితాలు సరే, కర్ణాటక పక్కయితే పహణి, ఆంధ్రాలో హిందూపురం పక్కయితే అడంగల్, వన్‌బీ, ఎక్కడైనా అమ్మకాలూ తాకట్లూ తెలిపే ఈసీ, అవి నువ్వే చూసుకోగలవు. నీళ్లు మాత్రం మే నెలలో వెళ్లి చూడు. నందికొండల్లో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు వచ్చే పెన్నలో మనకు ఎక్కువగా కనిపించేది ఇసుకే. చుట్టుపక్కల ఎన్ని బోర్లు ఎండాయో అమ్మేవాడిని అడక్కు, పక్క పొలంలో పనిచేసే ఆడవాళ్లను అడుగు.

ఇంక పురుగుల సంగతి. పురుగు పిల్లలను పెంచి ఇచ్చే చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం (పురుగు తిండి మాని చర్మం విడిచే దశ) దాటిన పిల్లలను తెచ్చుకున్నా, పట్టుగూళ్లు దింపేసరికి మూడు వారాలు దాటుతుంది. మొత్తం ఆకులో నూటికి 80 పాళ్ల పైనే చివరి వారంలో తింటాయి, ఆ వారం రాత్రుళ్లు కూడా ఎవరో ఒకరు షెడ్డులో ఉండాల్సిందే. పురుగు తల పైకెత్తి కదలకుండా ఉందంటే జ్వరంలో ఉన్నట్టు, అప్పుడు ఆకు వెయ్యకూడదు, పడక ఆరేలా సున్నం పొడి చల్లాలి. నా పెళ్లయిన కొత్తలో పక్క మిరపచేలో మందు కొట్టారు, గాలికి అది మా ఆకు మీద పడింది, తెలియక అదే కోసి వేశాను. తెల్లారేసరికి తట్టల్లోని పురుగులన్నీ పచ్చగా కక్కుకుని మెలికలు తిరుగుతున్నాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తే. కాబట్టి గాలి ఎటు వీస్తుందో, పక్కన ఏ పంట వేస్తారో తెలుసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

నా మాట విని ముందు ఒక్క పంట ఎవరి షెడ్డులోనైనా పని చెయ్యి. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు ఒక పూట ఖాళీ దొరుకుతుంది, అప్పుడు లేపాక్షి వెళ్లి పైకప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు చూడు. అచ్యుతదేవరాయల కాలం నాటివి. మీ అమ్మ పెళ్లికి ధర్మవరంలో కొన్న చీర అంచు నీకు అక్కడ కనిపిస్తుంది.

హిందూపురంలో మీ చిన్నత్త వాళ్లు వచ్చే నెల చాకీ దించుతున్నారు. నేను మాట్లాడి పెట్టాను. ఆఫీసులో మూడు వారాలకు పైనే సెలవు అడుగు, దొరక్కపోతే పొలం సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

మీ పెద్దమ్మ