పింగ్ వస్తోంది, ఫైలు మాత్రం వెళ్లడం లేదు

ప్రశ్న: బెంగళూరు పీణ్యలోని మా కార్యాలయానికీ, చెన్నై అంబత్తూరు శాఖకూ మధ్య లీజ్డ్ లైను (మా కోసమే అద్దెకు తీసుకున్న ప్రత్యేక లైను) ఉంది. 127.0.0.1కీ, అవతలి రౌటరుకూ పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష) వస్తోంది కానీ పెద్ద ఫైళ్లు సగంలో ఆగిపోతున్నాయి. లైనులో లోపం లేదంటున్న సర్వీసు సంస్థవారు, ఇంటర్నెట్ కూడా ఉన్న ఆ రౌటరు అడ్మిన్ పేజీని (సెట్టింగులు మార్చే పేజీని) పరీక్షల కోసం బయటి నుంచి తెరిచి ఉంచమన్నారు. ఉంచవచ్చా?

జవాబు: ‘పింగ్ వస్తోంది కదా’ అంటూ ఫిర్యాదును మూసేసే ఈ అలవాటు గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. 127.0.0.1కి పంపిన ప్యాకెట్ మీ కంప్యూటరు దాటి కేబుల్ దాకా కూడా రాదు కాబట్టి దాన్ని వదిలేయండి. అవతలి రౌటరు జవాబిచ్చినా విండోస్ మామూలుగా పంపేది 32 బైట్ల డేటాయే; సైకిలు దాటిందని వంతెన మీదికి లారీని తోలలేము. సైజును 1472 బైట్లకు పెంచి, ముక్కలు చేయవద్దన్న ఆప్షన్‌తో మళ్లీ పింగ్ చేయండి. హెడర్లు 28 బైట్లు కలిసి 1500 అవుతుంది. ఆ సైజులో ఒక్కటీ వెళ్లకుండా, కొంత తగ్గించగానే అన్నీ వెళ్తుంటే అది ఎంటీయూ, అంటే దారిలో ఒక్కసారిగా వెళ్లగల ప్యాకెట్ గరిష్ఠ సైజు, సమస్య. పింగ్‌నూ, నెట్‌వర్క్ లోపాల సందేశాలనూ మోసే ఐసీఎంపీలో పింగ్ తప్ప మిగతావాటిని భద్రత పేరుతో అడ్డుకునే ఫైర్‌వాల్ దారిలో ఉంటే, సైజు తగ్గించమనే సందేశం కూడా మీ కంప్యూటరుకు చేరదు.

అలా కాక కొన్ని వెళ్లి కొన్ని పోతూ, రౌటరు పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్క) పెరుగుతుంటే లైనునే అనుమానించాలి. పని వేళలు ముగిశాక, మీ మోడెమ్ వద్ద లైను వైపుకు లూప్ (వచ్చిన బిట్లను వచ్చినట్టే వెనక్కి పంపే ఏర్పాటు) పెట్టించి, సర్వీసు సంస్థవారి చివర నుంచి బిట్ ఎర్రర్ పరీక్ష నడపమని అడగండి. పంపిన బిట్లు చెడకుండా తిరిగొస్తే లోపం మోడెమ్‌కూ రౌటరుకూ మధ్య కేబుల్‌లోనో, పోర్టులోనో ఉన్నట్టు; చెడి వస్తే లూపును ఒక్కో మజిలీ వాళ్ల వైపుకు జరుపుతూ పోవాలి, ఎక్కడ ఎర్రర్లు ఆగిపోతే లోపం దానికి ఇవతలి మజిలీలో ఉన్నట్టు. పరీక్ష అయ్యాక లూప్ తీశారో లేదో తప్పక అడగండి, ఎందుకంటే తీయడం మరిచిన లూపే మర్నాటి ఫిర్యాదు అవుతుంది. మీరు మాత్రం లూప్ పరీక్ష అనుకుని స్విచ్‌లోని రెండు పోర్టులను ఒకే కేబుల్‌తో కలపవద్దు. ఆఫీసు నెట్‌వర్క్‌లో తిరిగే ఈథర్‌నెట్ ఫ్రేముకు, ఎన్ని మజిలీల తర్వాత ఆగాలో చెప్పే టీటీఎల్ వంటి పరిమితి లేదు కాబట్టి, లూపును పసిగట్టే ఏర్పాటు లేని స్విచ్‌లో బ్రాడ్‌కాస్ట్‌లు (అన్ని కంప్యూటర్లకూ వెళ్లే సందేశాలు) ఆగకుండా తిరిగి ఆఫీసు నెట్‌వర్క్ మొత్తాన్ని స్తంభింపజేస్తాయి.

ఇక అడ్మిన్ పేజీని బయటికి తెరవనే వద్దు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఆ పేజీలోని పింగ్ పరీక్ష పెట్టె. చిన్న రౌటర్లలో ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ బయటపడుతున్న లోపం ఇది: అక్కడ టైపు చేసిన చిరునామాను సరిచూడకుండా నేరుగా సిస్టమ్ కమాండుకు అందిస్తారు, దాంతో చిరునామా పక్కన ఒక సెమీకోలన్ పెట్టి మరో కమాండు రాస్తే అదీ నడుస్తుంది, అదీ చాలా రౌటర్లలో పూర్తి అధికారాలతో. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని రౌటరులో ఆ పేజీని తెరిచి ఉంచితే, పరీక్షించడానికి వచ్చేది సర్వీసు సంస్థవారే కానక్కరలేదు. పింగ్ అంత సాదా పనికి కూడా వచ్చిన అక్షరాలను వడకట్టలేని తయారీదారులు కొత్త మోడళ్లకు మాత్రం రంగురంగుల యాప్‌లు తెస్తున్నారు. రిమోట్ మేనేజ్‌మెంట్‌ను (బయటి నుంచి ఆ పేజీని తెరిచే వీలును) ఆపి, పాస్‌వర్డ్ మార్చి, రౌటరులోని సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయండి. అప్‌డేట్లు ఆగిపోయిన మోడల్ అయితే రౌటరునే మార్చండి.