రక్తహీనత, ఎముకల గుల్లతనం రెండూ ఉంటే పాలు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 58. నెలసరి ఆగి ఎనిమిదేళ్లయింది. నీరసంగా ఉంటే పరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్ 9.2, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 8 వచ్చాయి. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో టి-స్కోర్ మైనస్ 2.8 ఉంది, ఎముకలు గుల్లబారాయన్నారు. ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ మధ్యాహ్నం భోజనమయ్యాక పాలతో వేసుకుంటున్నాను. నాలుగేళ్లుగా రోజూ గ్యాస్ మాత్ర, నడుం నొప్పికి అప్పుడప్పుడూ నొప్పి మాత్ర వాడుతున్నాను. పాలు తాగితే ఐరన్ ఒంటికి పట్టదంటున్నారు. పాలు, పెరుగు మానేయాలా?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మానకండమ్మా. మీ వయసులో రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, పెరుగు వదిలేస్తే అంత రావడం చాలా కష్టం.

పేగుల్లో ఐరన్‌ను కాల్షియం అడ్డుకునే మాట నిజమే. అయితే ఒక పూట తిండిలో కనిపించే ఆ ప్రభావం, నెలల తరబడి అన్నీ కలిపి తినేవారిలో అంతగా కనిపించదు. చివర్లో రెండు ముద్దలు పెరుగన్నం తిన్నంత మాత్రాన రక్తం తగ్గిపోదు. కాల్షియం మాత్ర, గ్లాసుడు పాలు, ఐరన్ మాత్ర మూడూ ఒకేసారి తీసుకోవడమే ఇబ్బంది.

ఐరన్ మాత్రను పొద్దున్నే పరగడుపున నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. గంటసేపు టీ, కాఫీ, పాలు ముట్టుకోవద్దు. కడుపులో తిప్పితే మీ డాక్టర్‌నడిగి రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. కాల్షియం మాత్ర రాత్రి భోజనంతో. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే దానికీ ఈ రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇక తిండి. గుప్పెడు రాగిపిండి, అంటే 30 గ్రాముల జావలో సుమారు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో మజ్జిగ కలుపుకొంటే ఇంకా మంచిది. పొట్టు తీయని నువ్వులు రోజూ రెండు చెంచాలు పొడి చేసి అన్నంలో కలుపుకోండి. పాలకూరలో కాల్షియం ఉన్నా, దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లనే పదార్థాల వల్ల ఒంటికి చేరేది కొంచెమే. ఆ లెక్కన మునగాకు పప్పు చాలా మేలు. మధ్యాహ్నం పప్పులో నిమ్మకాయ పిండుకోండి, భోజనమయ్యాక జామకాయ తినండి. విటమిన్ సి ఉంటే పప్పుల్లోని, ఆకుకూరల్లోని ఐరన్ బాగా పడుతుంది. మాంసాహారం తింటే మేక కార్జం, చేపలు మంచివి. ముళ్లతో సహా నమిలే నెత్తళ్లలో కాల్షియం కూడా దొరుకుతుంది. బీట్‌రూట్, ఖర్జూరాలతోనే రక్తం పెరుగుతుందని కూర్చోకండి, వాటిలో ఐరన్ తక్కువే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది వేరే. నెలసరి ఆగిపోయాక ఐరన్ ఇంతలా తగ్గితే, అది ఎటు పోతోందో వెతికి తీరాలి. నొప్పి మాత్రలతో కడుపులో పుండు పడి, తెలియకుండా రక్తం పోవచ్చు. మొలలు, పేగుల్లో గడ్డలు కూడా కారణం కావచ్చు. గ్యాస్ట్రో డాక్టర్‌ను కలిసి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ గురించి మాట్లాడండి. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు రక్తహీనతకూ, ఎముకల గుల్లతనానికీ కూడా దారితీస్తుంది. దానికి రక్తపరీక్ష ఉంది, అడిగి చేయించుకోండి. ఏళ్ల తరబడి వాడే గ్యాస్ మాత్రలు ఐరన్ పట్టకుండా చేస్తాయి, ఎముకలు విరిగే ముప్పునూ పెంచుతాయి. మీకు మీరుగా ఆపేయకుండా, అవి ఇంకా అవసరమా అని డాక్టర్‌నే అడగండి.

నడుం నొప్పిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. వెన్నుపూస నలిగిందేమో ఎక్స్‌రే తీయించండి. టి-స్కోర్ మైనస్ 2.8 ఉన్నప్పుడు తిండి, కాల్షియంతోనే సరిపోదు, ఎముకల మందు కూడా అవసరమవుతుంది. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ లాంటిదైతే, జీర్ణకోశ పరీక్షలయ్యాకే మొదలుపెట్టడం మంచిది. ఆ రోజు పొద్దున అది ఒక్కటే మంచినీళ్లతో వేసుకుని అరగంటసేపు పడుకోకుండా ఉండాలి, ఐరన్‌ను సాయంత్రానికి మార్చుకోవాలి.

ఐరన్ మొదలుపెట్టాక మలం నల్లగా వస్తుంది, కంగారుపడకండి. నెలకోసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. అది 12 దాటాక కూడా మరో మూడు నెలలు మాత్రలు కొనసాగించాలి.