ఫొటో జర్నలిజం పోటీల వల్ల విద్యార్థికి ఏం ఒరుగుతుంది?

బహుమతి కన్నా తీర్పు చెప్పే తీరే పెద్ద పాఠం. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1944లో మొదలైన 'పిక్చర్స్ ఆఫ్ ది ఇయర్' పోటీలో తీర్పు బహిరంగంగానే జరుగుతుంది. ఏ ఫొటో ఎందుకు పక్కకు పోయిందో కూర్చుని వినవచ్చు. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ 1955లో నెదర్లాండ్స్‌లో పుట్టింది. 2010లో అక్కడ ఒక క్రీడా ఫొటో కథనానికి (వరుస ఫొటోలతో చెప్పే కథకు) ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకున్నారు. ఆ ఫొటోగ్రాఫర్ చిత్రాన్ని బాగా కత్తిరించాడు, నలుపు తెలుపు చేశాడు. వాటికి అభ్యంతరం లేదు. నేపథ్యంలో కనిపించిన పాదం ముక్కను చెరిపేయడమే తప్పయింది! అసలు ఫైలుతో పోల్చగానే బయటపడింది. అందుకే రా ఫైలును, అంటే కెమెరా నుంచి వచ్చిన మార్చని అసలు ఫైలును, ఎప్పుడూ తొలగించకండి.

సాధన ఇలా చేయండి: గెలిచిన కథనం ఒకటి తీసుకుని, ఫొటోల కింద ఉండే వ్యాఖ్య (క్యాప్షన్) మూసేసి, ఒక్కో ఫొటో ఏం చెబుతోందో రాయండి. తర్వాత వ్యాఖ్య చదవండి. ఒకే సంగతిని రెండు ఫొటోలు చెబుతుంటే ఒకటి తీసేయాల్సిందే. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి లేని వ్యాఖ్య మంచి ఫొటోను కూడా బలహీనం చేస్తుంది.