చిన్న కంపెనీల షేర్లు కొంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

బోనస్ డబ్బు నాలుగు లక్షలూ చిన్న కంపెనీల షేర్లలో పెడుతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల బ్యాలెన్స్ షీటు తనే చదువుకుని షేరు ఎంచుకుంటోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. అప్పు చేసి కొనకు. ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకో. వాట్సాప్ టిప్పుల జోలికి పోకు. మార్కెట్ విలువలో 251వ స్థానం నుంచి కిందవన్నీ స్మాల్ క్యాప్‌లే, అంటే చిన్న కంపెనీలే, అందులో రత్నాలూ రాళ్లూ కలిసే ఉంటాయి.

ఇక నా సంగతి. మీ నాన్నకి కూడా మొత్తం తెలియదు.

2007 నవంబరులో, పైపులు చేసే ఒక చిన్న కంపెనీ షేర్లు 84 రూపాయల చొప్పున వెయ్యి కొన్నాను. మేడ మీద గది వేద్దామని దాచిన డబ్బది. మీ పెద్దమ్మకి చెప్పలేదు. సంక్రాంతి వారంలో షేరు 131కి వెళ్లింది. పండక్కి మీరంతా వచ్చారు. భోజనాల దగ్గర ఆ లెక్క చెప్పి మురిసిపోయాను. వారం తిరక్కుండానే, జనవరి 21 సోమవారం, సెన్సెక్స్ ఒక్కరోజే 1,408 పాయింట్లు పడింది.

అప్పట్లో మార్కెట్ 9:55కి తెరిచేవారు. ఆ రెండు వారాలూ ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి, ముందు బ్రోకర్ దగ్గర కూర్చునేవాణ్ణి. అక్కడి కుర్రాడు అమ్మకం ఆర్డరు పెట్టేవాడు. స్క్రీన్ మీద ఒక పక్క అమ్మేవాళ్ల షేర్లు లక్షకి పైన, కొనేవాళ్ల పక్క సున్నా. రోజుకి అయిదు శాతం చొప్పున తొమ్మిది రోజులు లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి అంతకన్నా పడకూడదన్న హద్దు. చిన్న షేరులో ధర తగ్గడం ఒక బాధ అయితే, తగ్గిన ధరకైనా కొనేవాడు లేకపోవడం అంతకంటే పెద్ద బాధ.

పదో రోజు 80 దగ్గర కొనేవాళ్లు వచ్చారు. అప్పుడు అమ్మితే పోయేది నాలుగు వేలే. కానీ 131 చూసిన కళ్లకి 80 చవగ్గా కనిపించింది. ఇంకో వెయ్యి కొని యావరేజ్ చేశాను, అంటే నా సగటు కొన్న ధర తగ్గించుకున్నాను. ఆ తర్వాత 60 అయింది, 46 అయింది. కొన్న ధరకి వస్తే అమ్మేద్దాం అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ప్రమోటర్లు, అంటే కంపెనీ నడిపే యజమానులు, అప్పు కోసం తమ షేర్లు తాకట్టు పెడితే బయటికి చెప్పి తీరాలన్న రూలు సత్యం కంప్యూటర్స్ దొంగలెక్కల వ్యవహారం తర్వాత, 2009లో వచ్చింది. అప్పుడు తెలిసింది, మా కంపెనీ ప్రమోటర్ వాటాలో సగానికి పైగా తాకట్టులోనే ఉందని. ఆ మార్చిలో 14కి అమ్మేశాను. లక్షా అరవై నాలుగు వేలకి చేతికొచ్చింది ఇరవై ఎనిమిది వేలు.

ఆ షేరు ఎందుకు కొన్నావని అప్పుడెవరైనా అడిగితే, పెరుగుతోంది కాబట్టి అనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. అందుకే ఎప్పుడు అమ్మాలో కూడా తెలియలేదు.

మేడ మీద పిల్లర్లకి వదిలిన ఇనప ఊచలు గుర్తున్నాయా? వాటికి పెద్దమ్మ పాత చీర కట్టి ఉయ్యాల ఊగేదానివి. గది ఎందుకు వేయలేదని అడిగినవాళ్లకి ఇసుక దొరకట్లేదని చెప్పేవాణ్ణి. ఊచలు తుప్పు పట్టాయి గానీ నా నోట నిజం రాలేదు. పెద్దమ్మకి చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

కాబట్టి ఒక నోటు పుస్తకం కొనుక్కో. షేరుకో పేజీ. ఎందుకు కొంటున్నావో, ఏం జరిగితే అమ్మేస్తావో కొనేముందే రాయి. రోజుకి ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో చూడు. రోజుకి రెండు వేల షేర్లు మాత్రమే చేతులు మారే కంపెనీవి అయిదు వేల షేర్లు కొన్నావంటే బయటపడే దారి నువ్వే మూసుకున్నట్టు. డబ్బంతా ఒకేసారి పెట్టకు, మధ్యలో ఒకటి రెండు త్రైమాసిక ఫలితాలు రానీ.

ఫలితాల్లో లాభం ఒక్కటే చూడకు. లాభం చూపిస్తూ, రెండేళ్లుగా వ్యాపారంలోంచి నగదు రాకపోతే, రావలసిన బాకీలు పెరుగుతుంటే జాగ్రత్త పడు. ప్రమోటర్ల తాకట్టు పెరిగినా, లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ గడువు మధ్యలో తప్పుకున్నా వివరణల కోసం ఎదురుచూడకు, అమ్మేయి. ఏడాది లోపు అమ్మితే లాభం మీద పన్ను 20 శాతం, దాటితే 12.5 అని తెలుసు. ఆ తేడా కోసం చెడిన షేరుని పట్టుకుని కూర్చోకు.

పేజీలో రాసిందంతా అలాగే ఉండి ధర ఒక్కటే పడితే మాత్రం ఉంచుకో. 2020 మార్చిలో నేను ఒక మందుల కంపెనీని అలాగే ఉంచుకున్నాను. ఆ నెలంతా రోజూ పుస్తకం తీసి ఆ పేజీ చదువుకున్నాను.

మీ ఆయనకి చెప్పావా అని నాన్న అడిగితే నసిగావట. అది తప్పమ్మా. ఈ రాత్రికే చెప్పు, మొత్తం లెక్కతో సహా. కోప్పడుతున్నాననుకోకు తల్లీ. రెండేళ్లు కంచం ముందు మాట మింగి కూర్చున్నవాణ్ణి, ఆ అవస్థ నీకు రాకూడదు.

దసరాకి ఇద్దరూ వస్తున్నారుగా. ఆ పుస్తకం తెచ్చుకో. ఆఖరికి వేసుకున్న ఆ మేడ మీద గదిలో కూర్చుని ఒక్కో పేజీ చూద్దాం.

మీ పెదనాన్న