బస్తీ మునక లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పట్టణ వరదలకు కంప్యూటర్ మోడల్ కట్టడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. 2020 అక్టోబర్ 13 నాటి వానను ఎస్‌డబ్ల్యూఎంఎం అనే వాననీటి, డ్రైనేజీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వేశాను. బేగంపేట వాతావరణ కేంద్రం లెక్క ప్రకారం 24 గంటలకు 192 మిల్లీమీటర్లు తీసుకున్నాను. పది హెక్టార్ల కాలనీలో ఒక్క మ్యాన్‌హోల్ కూడా పొంగలేదు. ఆ రోజు అక్కడ నడుంలోతు నీళ్లు నిలిచాయి. తప్పెక్కడ జరిగింది? (విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: మీరు 192ను 24తో భాగించి గంటకు 8 మి.మీ. చొప్పున వేసి ఉంటారు. కొత్తగా మోడల్ కట్టేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు. పది హెక్టార్లలో పడ్డ నీటిలో 80 శాతం పారిందనుకున్నా, ఆ వానకు వచ్చే ప్రవాహం సెకనుకు 0.18 ఘనపు మీటర్లే. 500కు 1 వాలులో వేసిన 600 మి.మీ. కాంక్రీటు పైపు 0.27 దాకా మోస్తుంది. ఇక మ్యాన్‌హోల్ ఎందుకు పొంగుతుంది?

కాలనీని ముంచేది రోజు మొత్తం వాన కాదు, ఆ గంటలో కుమ్మేసిన వాన. గంటవారీ లెక్క దొరకనప్పుడు మన దగ్గర వాడే సూత్రం ఒకటుంది. కావలసిన వ్యవధిని గంటల్లో తీసుకుని 24తో భాగించాలి, దానికి ఘనమూలం కట్టి రోజు వానతో గుణించాలి. మీ 192కు ఇలా చేస్తే 15 నిమిషాలకు 41.9, అరగంటకు 52.8, ముప్పావుగంటకు 60.5, గంటకు 66.6 మి.మీ. వస్తాయి. ఒకదానిలోంచి ముందుదాన్ని తీసేస్తే 15 నిమిషాల ముక్కలు 41.9, 10.9, 7.7, 6.1. పెద్ద ముక్కను నడిమధ్యన పెట్టి, మిగతావాటిని ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. ఇప్పుడు ఆ గంట సగటు తీసుకున్నా ప్రవాహం 1.48 ఘనపు మీటర్లు. మీ పాత లెక్కకు ఎనిమిది రెట్లకు పైనే.

ఈ సూత్రం డిజైన్‌కు పనికొస్తుంది కానీ, ఆ రోజు వాన నిజంగా ఎలా పడిందో దానికి తెలియదు. జరిగిన వరదను తిరిగి చూపాలంటే మీ కాలనీకి దగ్గర్లోని ఆటోమేటిక్ కేంద్రం గంటవారీ లెక్కే కావాలి, వీలైతే 15 నిమిషాలది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు 8.30కి ముగుస్తుందన్నదీ గుర్తుపెట్టుకోండి. లేకపోతే సాయంత్రం వాన మీ మోడల్‌లో వేరే తేదీన పడుతుంది.

ఇంకొక్కటి చూసుకోండి. రెయిన్ గేజ్ బొమ్మ మీద నొక్కితే వాన రూపం అడుగుతుంది: తీవ్రతా, పరిమాణమా, కూడికా అని. 15 నిమిషాల్లో పడ్డ 41.9 మి.మీ.ని తీవ్రత కింద ఇస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని గంటకు 41.9 అనుకుంటుంది. వాన నాలుగో వంతుకు పడిపోతుంది, తప్పుందని చెప్పే హెచ్చరికేమీ రాదు.

ప్రశ్న: మ్యాన్‌హోల్ పొంగినట్టు రిపోర్టులో వస్తోంది. కానీ వాన తగ్గాక ఆ నీళ్లు తిరిగి పైపులోకి రావడం లేదు. (మున్సిపల్ ఏఈ, వరంగల్)

జవాబు: ఎస్‌డబ్ల్యూఎంఎంలో మామూలు అమరికలో పొంగిన నీరు లెక్కలోంచి బయటికి పోతుంది, మళ్లీ రాదు. అందుకే దిగువ వీధులు మోడల్‌లో పొడిగా కనిపిస్తాయి. పాండింగ్‌ను (పైన నీరు నిలవడాన్ని) అనుమతించి, ప్రతి నోడ్‌కూ (పైపులు కలిసే మ్యాన్‌హోల్ లాంటి చోటుకు) నీరు నిలిచే విస్తీర్ణం ఇస్తే నీరు అక్కడే ఆగి తర్వాత దిగుతుంది. అయితే వాలున్న వీధిలో నీరు ఆగదు, పారుతుంది. అలాంటి చోట పైపుకు పైన రోడ్డునే ఒక తెరిచిన కాలువగా గీయండి. రోడ్డు వెడల్పు, కర్బు ఎత్తు ఇచ్చి, కింది పైపుకూ పై కాలువకూ మధ్య ఇన్లెట్లను కలపాలి. పని రెట్టింపవుతుంది. కానీ ఏ ఇంటి ముందు ఎంత లోతు అనే ప్రశ్నకు జవాబు అప్పుడే దొరుకుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు మత్తడి (అలుగు) దూకితే కింది కాలనీలోకి నీళ్లొస్తాయి. దీన్ని మోడల్‌లో ఎలా పెట్టాలి? (ఇరిగేషన్ విభాగంలో పనిచేసే పాఠకుడు, రంగారెడ్డి జిల్లా)

జవాబు: చెరువును స్టోరేజ్ నోడ్‌గా, తూమును ఆరిఫిస్‌గా, మత్తడిని వియర్‌గా పెట్టాలి. స్టోరేజ్ నోడ్‌కు లోతు, విస్తీర్ణాల పట్టిక ఇవ్వాలి. పాత పటంలోని ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) విస్తీర్ణం కాక, ఇప్పుడు శిఖంలో (చెరువు నీరు నిలిచే భూమిలో) పూడ్చినవి పోగా మిగిలింది కొలిచి ఇవ్వండి. పటంలో ఉన్న నీళ్లు చెరువులో లేనప్పుడు మత్తడి మోడల్‌లో ఆలస్యంగా దూకుతుంది, నిజంలో ముందే దూకుతుంది.

మత్తడి మీది ప్రవాహానికి గుణకం, పొడవు, నీటి ఎత్తుకు ఒకటిన్నర ఘాతం, ఈ మూడింటినీ గుణిస్తే సరి. వెడల్పాటి రాతి మత్తడికి గుణకం 1.7 వాడవచ్చు. 20 మీటర్ల మత్తడి మీద అరమీటరు నీళ్లు దూకితే సెకనుకు 12 ఘనపు మీటర్లు, పావుమీటరైతే 4.25. ఎత్తు సగమైతే ప్రవాహం మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది చూడండి. అందుకే మత్తడి మట్టాన్ని లెవెల్ యంత్రంతో సెంటీమీటర్లలో తీయాలి, అంచనా పనికిరాదు.

గుణకం గడిలో సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టేది 3.33. అది అడుగుల లెక్క. మీటర్లలో పనిచేస్తూ దాన్ని మార్చడం మరిచిపోతే మత్తడి రెట్టింపు దాకా నీళ్లు వదిలేస్తుంది, చెరువు ఎప్పటికీ నిండినట్టు కనిపించదు. ప్రాజెక్టు మొదట్లోనే ప్రవాహ ప్రమాణాన్ని ఘనపు మీటర్లకు మార్చండి. మధ్యలో మారిస్తే అప్పటికే ఇచ్చిన అంకెలను సాఫ్ట్‌వేర్ తిరగరాయదు.

చెరువు తొలి లోతును సున్నాగా వదిలేయకండి. 2020 అక్టోబర్‌లో వాన పడేనాటికి నగర శివారు చెరువులు అంతకుముందు వానలకే నిండుగా ఉన్నాయి. సెప్టెంబర్, అక్టోబర్ వానలకు మోడల్ నడుపుతుంటే మత్తడి మట్టం దాకా నింపి మొదలుపెట్టడమే న్యాయం. కట్ట తెగడం ఎస్‌డబ్ల్యూఎంఎంలో సరిగా రాదు. దానికి నదుల్లో, నేల మీద వరద పారే తీరును లెక్కించే హెక్-రాస్ సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలి.

ప్రశ్న: ఉచితంగా దొరికే 30 మీటర్ల ఉపగ్రహ ఎలివేషన్ (నేల ఎత్తుల) డేటాతో హెక్-రాస్‌లో మా ప్రాంతం మోడల్ చేశాం. ఫ్లైఓవర్ దగ్గర నీళ్లు ఆనకట్టకు ఆగినట్టు ఆగిపోతున్నాయి. (కాలనీ సంక్షేమ సంఘం సభ్యురాలు, ఉప్పల్)

జవాబు: ఉపగ్రహానికి కనిపించేది పైభాగమే. ఫ్లైఓవర్ డెక్కు, ఇళ్ల కప్పులు, చెట్ల తలలు అన్నీ నేలగానే నమోదవుతాయి. పైగా 30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లు, దాదాపు 1,076 గజాలు. 200 గజాల ప్లాట్లు అయిదింటికి, మధ్యనున్న గల్లీకి కలిపి ఒకే ఒక్క ఎత్తు. నాలా ఎక్కడ ప్రవహిస్తుందో, ఏ వాన ఎటు చేరుతుందో స్థూలంగా చూడడానికి ఇది చాలు. ఇంటి గడప దగ్గర ఎంత లోతు అనడానికి చాలదు, ఎందుకంటే ఈ డేటా ఎత్తుల్లో తప్పు మీటర్లలో ఉంటుంది.

మీ ప్రాంతం వరకు డ్రోన్ సర్వే చేయించండి. నేల మీద గుర్తులు పెట్టి డీజీపీఎస్‌తో (మరింత కచ్చితమైన జీపీఎస్ పరికరంతో) వాటి ఎత్తు కొలిపించాలి, అది లేకపోతే మొత్తం నేల ఒక పక్కకు ఒరిగిపోవచ్చు. తర్వాత ఫ్లైఓవర్ కింద, కల్వర్టుల దగ్గర ఎత్తును తీసేసి అసలు నేల మట్టం పెట్టండి. ఇళ్లను మాత్రం తిరిగి ఎత్తు చేయాలి, లేకుంటే నీరు ఇళ్లలోంచి దూసుకుపోతుంది. మోడల్ గడి 5 మీటర్లు పెట్టి, ప్రహరీల వెంట, రోడ్డు డివైడర్ల వెంట బ్రేక్‌లైన్లు (గడుల అంచులు అక్కడికే వచ్చేలా చేసే గీతలు) గీయండి. 30 సెంటీమీటర్ల డివైడర్ నీటిని సగం వీధికే కట్టేయగలదు. నీటి వేగం సెకనుకు 2 మీటర్లు ఉంటే 5 మీటర్ల గడికి టైమ్ స్టెప్ (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య సమయం) 2.5 సెకన్లకు మించకూడదు. 2 సెకన్లు పెట్టుకోండి. నిమిషం పెడితే లోతులు ఎగిరిపడతాయి.

ప్రశ్న: 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ వైపు మునిగిన తీరు మా మోడల్‌లో రావడం లేదు. వాన ఎంత పెంచినా అంతే. (ఎంటెక్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: పెంచినా రాదు. ఆ ముంపు ప్రధానంగా బుడమేరు వాగు గండ్ల నీటిది. మీ వీధుల మీద పడ్డ వానతో దానికి పొంతన లేదు. గండి దగ్గర సమయాన్ని బట్టి ప్రవాహం ఇచ్చి, హెక్-రాస్ రెండు కొలతల మోడల్‌లో వదలాలి.

గండి లేని రోజుకు కూడా మీ డ్రైన్ చివర ఎలా ఉందో చూడండి. ఎస్‌డబ్ల్యూఎంఎం ఆ చివరను, అంటే ఔట్‌ఫాల్‌ను, మామూలుగా ఫ్రీగా పెడుతుంది, అంటే బయట నీరే లేనట్టు. డ్రైన్ నోరు 10.2 మీటర్ల మట్టంలో ఉండి, వాగు నీరు 12 మీటర్లలో ఉందనుకోండి: మీ నీళ్లు పోవడం అటుంచి వాగే లోపలికి వస్తుంది. ఔట్‌ఫాల్‌కు టైమ్ సిరీస్ రకం ఎంచుకుని గంటగంటకూ మట్టం ఇవ్వండి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల సముద్రపు పోటుపాట్లకు టైడల్ రకం ఉంది. లెక్కింపు పద్ధతి డైనమిక్ వేవ్ కావాలి. కైనమాటిక్ వేవ్‌కు వెనక్కి తన్నే నీరు అర్థం కాదు. టైమ్ స్టెప్ 5 సెకన్లో, అంతకంటే తక్కువో పెట్టి, చివర కంటిన్యుటీ ఎర్రర్ (వచ్చిన నీటికీ పోయిన, నిలిచిన నీటికీ లెక్క కుదరని శాతం) చూడండి. 10 శాతం దాటితే ఆ ఫలితాన్ని నమ్మకండి, 2 శాతం లోపుంటేనే రిపోర్టులో రాయండి.

ప్రశ్న: నాలాల పూడికను ఎలా లెక్కలోకి తీసుకోవాలి? (శానిటరీ ఇన్‌స్పెక్టర్, నిజామాబాద్)

జవాబు: ఎస్‌డబ్ల్యూఎంఎంలో అడుగున పూడిక ఉన్న గుండ్రటి పైపు ఒక ఆకారంగానే ఉంది, పూడిక మందం ఇస్తే చాలు. 900 మి.మీ. పైపు 500కు 1 వాలులో శుభ్రంగా ఉంటే సెకనుకు 0.81 ఘనపు మీటర్లు మోస్తుంది. మూడో వంతు లోతు పూడిందంటే 0.49కి పడిపోతుంది. అంటే 40 శాతం పోయింది. పూడిక గరుకుదనం కలుపుకుంటే ఇంకా తక్కువ. వానాకాలానికి ముందు మూత తీసిన ప్రతి మ్యాన్‌హోల్‌లోనూ ఒక కర్రను పైపు అడుగు దాకా దించి, గట్టి అడుగుకూ పూడిక పైభాగానికీ మధ్య ఎన్ని సెంటీమీటర్లో రాసిపెట్టండి. ఆ తేదీ, ఆ మ్యాన్‌హోల్ నంబరు మోడల్ కట్టేవాళ్లకు ఇవ్వండి. వాన వెలిసిన మర్నాడు గోడల మీద బురద గీత ఆరకముందే దాని ఎత్తు కూడా కొలిచి పెయింట్‌తో గుర్తు పెట్టండి.