కప్లింగ్ ఊడదీసే ముందు

చి. సౌ. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇది నడుస్తున్న ఇంజిన్ పీకేసి బ్యాటరీలు పెడతానంటోంది, నువ్వైనా చెప్పు" అని గోల. బెర్క్‌లీలో నువ్వు కొన్న ముప్పై అడుగుల తెరచాప పడవ ఫొటోలు కూడా పంపాడు. నిజం చెప్పొద్దూ, ముందు గర్వమే వేసింది. మన ఇంట్లో నా తర్వాత చేతికి గ్రీజు అంటించుకునేవాళ్లు ఉండరనుకున్నాను. ఆ తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, ముందు మామూలు సంగతులు కానీ.

డీజిల్ మనిషిని కదా, వద్దంటాననుకుంటున్నావేమో. అనను. ముప్పై ఎనిమిదేళ్లు కాకినాడ కాలవలో లాంచీల కడుపులో కూర్చుని ఆ పొగ పీల్చాను. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. శబ్దం లేని పడవ మీద నువ్వు తిరుగుతానంటే నాకేం బాధ?

కానీ లెక్క చూసుకోవాలి. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో మహా అయితే మూడు యూనిట్లు షాఫ్టుకి, అంటే ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీకి, ఇచ్చి, మిగతాది వేడి చేసి నీళ్లలో పోస్తుంది. నువ్వు కొంటానన్న 280 ఆంపియర్ అవర్ల లిథియం సెల్స్ పదహారు వరసగా కలిపితే 51.2 వోల్టులు, 14 యూనిట్లు. అంటే మొత్తం కలిపి అయిదు లీటర్ల క్యాను! తీసేస్తున్న ట్యాంకు డెబ్బై లీటర్లదని నువ్వే అన్నావుట. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. నీ పడవ నాలుగు నాట్స్‌తో, అంటే గంటకి ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, పోతే సుమారు అయిదు గంటలు వస్తుంది. ఆరు నాట్స్‌తో ఉరికిస్తే గంటన్నరలో చేతులెత్తేస్తుంది. గోల్డెన్ గేట్ దగ్గర ఆటు బలంగా ఉన్నప్పుడు నీళ్లు నాలుగు నాట్స్ దాటి సముద్రంలోకి లాగుతాయి. నువ్వు నాలుగుతో లోపలికి వస్తుంటావు, నీళ్లు నాలుగుతో బయటికి పోతుంటాయి. పడవ ఆ ఎర్ర వంతెన కిందే నిలబడి ఉంటుంది, బ్యాటరీ మాత్రం తరిగిపోతుంది. కాబట్టి ఆటుపోట్ల పట్టిక చూడకుండా తాడు విప్పకు. తెరచాప ఉంది కదా అనకు, గాలి నీ మాట వినదు.

ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, మోటారు పక్కన కాదు. సెల్స్ కలిపేటప్పుడు గాజులు, ఉంగరం, గొలుసు అన్నీ తీసి ఇంట్లో పెట్టి రా. డీజిల్ ఇంజిన్‌తో పాటు, దానితో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరూ పోతుంది. లైట్లకీ రేడియోకీ 12 వోల్టులు ఎక్కణ్ణించి వస్తాయో ముందే చూసుకో. బ్యాటరీని కాపాడే ఆ ఎలక్ట్రానిక్ బోర్డు తనకి భయమేస్తే ఉన్నట్టుండి కరెంటు ఆపేస్తుందిట. రేవులోకి వచ్చేటప్పుడు ఆ పని చేస్తే లంగరు వెంటనే జారవిడిచేలా ఉండాలి. ఇవన్నీ మీ అమెరికాలో నాకంటే బాగా చెప్పేవాళ్లుంటారు.

ఇక నాకు నిద్ర పట్టనిది ఇది.

1972లో నాకు ఇరవై ఒకటి. కాకినాడలో ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసేవి. సరుకు బార్జీల్లో వెళ్లేది, వాటిని లాంచీలు లాగేవి. జగన్నాథపురం వంతెనకి కాస్త దిగువన కట్టేసిన ఒక లాంచీలో ఇంజిన్ పైకి తీయాలి. మేస్త్రి టీకి వెళుతూ "నేనొచ్చేదాకా కప్లింగ్ ముట్టుకోకు" అన్నాడు. ఇంజిన్‌నీ షాఫ్టునీ కలిపి బిగించే జోడు బిళ్లలే కప్లింగ్. ముట్టుకున్నాను. ఆయన వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటే మెచ్చుకుంటాడని ఆశ.

నాలుగు బోల్టులూ విప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. షాఫ్టు చివర బిగించి ఉన్న కప్లింగ్ సగం ముక్కని కూడా పుల్లర్ పెట్టి లాగేశాను. షాఫ్టు పడవలోంచి బయటికి పోయే చోట నీళ్లు రాకుండా ఉండే బిగింపు గ్లాండు. షాఫ్టు వెనక్కి జారకుండా ఆ గ్లాండు దగ్గర ఆపేది ఆ ముక్కేనని తట్టలేదు. బయట చుక్కాని ఉంటే ప్రొపెల్లర్ దానికి తగిలి ఆగేది. అదీ పిన్నులు అరిగాయని ముందు రోజే ఊడదీశాం. షాఫ్టు వెనక్కి ఏటవాలుగా ఉంటుంది, చివర ప్రొపెల్లర్ బరువు, పైగా ఆటు లాగుతోంది. ఎవరో బయటి నుంచి మెల్లిగా గుంజుతున్నట్టు కదిలింది. రెండు చేతులా పట్టుకున్నాను. గ్రీజు. వెన్నముద్దలా జారిపోయింది. అది ఉన్నచోట రెండు అంగుళాల కన్నం, అందులోంచి నా మొహాన కాలవ.

చొక్కా కుక్కాను, ఎగిరి పడింది. పంచె కుక్కాను. అరిచాను. మేస్త్రి నాకోసం పట్టుకొస్తున్న టీ గ్లాసు గట్టు మీద పెట్టి, బట్టలతోనే దూకి బయటి నుంచి గోనెసంచి అదిమాడు. అప్పటికే ఇంజిన్ సగం మునిగింది. ఆటు కాబట్టి లాంచీ పూర్తిగా మునగకుండా బురదలో కూర్చుంది. షాఫ్టుని మర్నాడు బురదలో కాళ్లతో వెతికి తీశారు.

మేస్త్రి నన్ను కొడతాడనుకున్నాను. యజమాని దగ్గరికి వెళ్లి "నేనే విప్పాను" అన్నాడు. నాలుగు నెలలు ఆయన జీతంలో కోసుకున్నారు. మీ తాతయ్యకి తెలిసి, సంక్రాంతికి దాచిన డబ్బు తీసుకెళ్లి మేస్త్రి చేతిలో పెట్టి వచ్చారు. ఆ ఏడు మీ నాన్నకి కొత్త చొక్కా లేదు. ఆరేళ్లవాడు, రోజంతా ఏడ్చాడు. ఎందుకు లేదో వాడికి ఇప్పటికీ తెలీదు. నువ్వూ చెప్పకు.

నీ పడవ షాఫ్టు అంగుళమే కావచ్చు. నీటి కింద ఒకటిన్నర అడుగు లోతున అంగుళం కన్నం ఉంటే నిమిషానికి అరవై లీటర్లు దాకా వస్తాయి. ఆ పడవల్లో ఉండే చిన్న పంపు అందులో సగం తోడితే గొప్ప. కొత్త మోటారుకి కప్లింగ్ మార్చాలి కాబట్టి ఆ సగం ముక్క నువ్వూ తీస్తావు. అందుకని పడవని గట్టు మీదికి ఎక్కించాకే ఆ పని చెయ్యి. డబ్బు దండగ అంటావు, తెలుసు. నేను పంపిస్తాను, మీ ఆయనకి చెప్పకపోయినా సరే. గట్టు మీదున్నా షాఫ్టుకి లోపల క్లాంపు బిగించి, తాడుతో కట్టాకే పానా పట్టుకో. అలవాటు కావాలి.

ఇంజిన్‌కి చల్లనీళ్లు వచ్చే కన్నం ఇక అక్కర్లేదు కదా. దానికి కవాటం ఉందిలే అని వదిలెయ్యకు, వాల్వు తీయించి ఫైబర్‌తో శాశ్వతంగా పూడ్పించు. వాడని కన్నాన్ని ఎవరూ చూడరు. నీళ్లు తోడే పంపుకి విడిగా 12 వోల్టుల బ్యాటరీ పెట్టు, పెద్ద బ్యాటరీ ఆగినా అది తిరగాలి. మోటారుకీ షాఫ్టుకీ వరస గట్టు మీద ఎంత బాగా కుదిర్చినా, నీళ్లలోకి దించాక మళ్లీ సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూడు. నీళ్లలో పడవ ఒళ్లు కాస్త మారుతుంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇంజిన్ శబ్దంలో చిన్న తేడా వస్తే నిద్రలోంచి లేచేవాణ్ణి, అదే నాకు కాపలా. నీకు ఆ కాపలా ఉండదు. కానీ ఆ నిశ్శబ్దంలో గ్లాండు దగ్గర చుక్క పడుతున్నదీ వినబడుతుంది, మాకెప్పుడూ వినబడలేదు. నీది తాడు కూరిన పాతరకం గ్లాండు అయితే, షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి. పూర్తిగా ఎండిపోతే షాఫ్టు అరుగుతుంది, ధారకడితే బిగించు.

కప్లింగ్ విప్పే రోజు వీడియో కాల్ చెయ్యి. వేసవిలో అక్కడ పొద్దున్న పదయితే మాకు రాత్రి పదిన్నర. పెద్దమ్మ తిట్టినా మెలకువగానే ఉంటాను. క్లాంపు కనబడేలా పట్టుకో ఫోన్‌ని, నా కళ్లజోడు పాతది.

మీ పెదనాన్న