పెద్ద రికార్డు కంపెనీ, మేనేజర్ లేకుండా బ్యాండ్ నిలబడుతుందా? ఐదు డాలర్ల టికెట్‌తో ఫుగాజీ నిలబడింది

"కంపెనీ అండ, మేనేజర్, సినిమా పరిచయాలు ఇవేవీ లేకుండా సొంత పాటలు వాయించుకునే బ్యాండ్ ఎన్నాళ్లు నిలబడుతుంది? మాది విశాఖలో నలుగురు కుర్రాళ్ల బ్యాండ్" అని అడిగారు.

పదిహేనేళ్లు నిలబడుతుంది. వాషింగ్టన్ డీసీ పంక్ రాక్ బ్యాండ్ ఫుగాజీ 1987లో మొదటి షో చేసింది, 2002లో చివరిది. మధ్యలో వెయ్యికి పైగా షోలు. అమెరికాలో 50 రాష్ట్రాలూ తిరిగారు, యూరప్, జపాన్, ఆస్ట్రేలియా వెళ్లారు. ఏ పెద్ద కంపెనీ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నన్నడిగితే ఏ బ్యాండ్ భవిష్యత్తయినా గేటు దగ్గరే తేలిపోతుంది. టికెట్ ఎంత పెట్టారు, లోపలికి ఎవర్ని రానిస్తున్నారు, ఈ రెండూ చూస్తే చాలు. లేబుల్, అంటే రికార్డు కంపెనీ సంగతి ఆ తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే వాళ్లని కళ్లారా చూశాను కాబట్టి.

వైటూకే (2000 నాటి కంప్యూటర్ల తేదీ సమస్య) పుణ్యమా అని తెనాలి నుంచి ఉత్తర వర్జీనియా వచ్చిపడ్డ బ్యాచ్ మాది. కాఫీ తాగినా డాలర్‌ని రూపాయల్లోకి మార్చి లెక్కేసుకునే రోజులు. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఒక డీసీ కుర్రాడు ఓ వేసవి సాయంత్రం "ఫోర్ట్ రెనోలో షో ఉంది, వస్తారా" అన్నాడు. నేనూ, నా రూమ్మేటూ మెట్రోలో టెన్లీటౌన్ దాకా వెళ్లి దిగాం. టికెట్ ఎంతుంటుందో ఏమోనని జేబులో నోటు తడుముకుంటూ నడిచాం. తీరా వెళ్తే అక్కడ గేటే లేదు.

ఫోర్ట్ రెనో అంటే డీసీ మొత్తంలో ఎత్తయిన చోటు. నీళ్ల టవర్లు, వాటి దగ్గర పెద్ద పచ్చిక మైదానం, ఒక పక్కన చిన్న స్టేజీ. వేసవి సాయంత్రాలు అక్కడ ఊరి బ్యాండ్లు ఉచితంగా వాయిస్తాయి. జనం దుప్పట్లు పరుచుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తింటూ కూర్చున్నారు. శ్రీరామనవమి పందిట్లో హరికథకి చాపలు పట్టుకుని వచ్చేవాళ్లు చూడండి, అచ్చం అలాగే. చంకలో పిల్లలు, పక్కన కుక్కలు, మడత కుర్చీల్లో పెద్దవాళ్లు. బీరు సీసా ఒక్కటి కనబడలేదు, ఆ పార్కులో మందు తాగనివ్వరు. పంక్ అంటే రంగుల జుట్టు, తోపులాట అని విని వెళ్లినవాళ్లం మేము. ఆ సీన్ చూసి మా రూమ్మేట్ "ఇదేదో ఫ్యామిలీ పిక్నిక్ లాగుందే" అన్నాడు.

వాయించేవాళ్లే ఆంప్లిఫయర్లు మోసుకొచ్చి పెట్టుకున్నారు. ఇయాన్ మెకై, గీ పిచోటో గిటార్లు, గొంతులు. జో లాలీ బేస్ గిటార్. బ్రెండన్ క్యాంటీ డ్రమ్స్, ఆ డ్రమ్స్‌తో పాటే వేలాడదీసిన ఒక పెద్ద గంట. ఏ పాట తర్వాత ఏ పాటో రాసుకున్న చీటీ ఎవరి కాళ్ల దగ్గరా లేదు. వాళ్లు ఏ షోకీ అలా రాసుకునేవారు కాదట. ఒకరు ఎత్తుకుంటే మిగతా ముగ్గురూ అందుకోవాలి, అంతే. అంటే ఉన్న పాటలన్నీ నలుగురి చేతుల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఎంత సాధన చేసి ఉంటారో మీరే ఊహించండి. బేస్ ఒక్కటే మొదలై, డ్రమ్స్ వచ్చి కలిసి, ఉన్నట్టుండి అంతా టక్కున ఆగిపోయి, ఒక్క క్షణం నిశ్శబ్దం తర్వాత రెండు గిటార్లూ ఒకేసారి మీద పడతాయి. ఆ క్షణం మైదానంలో ఎవరూ ఊపిరి తీసుకోలేదని ఒట్టేసి చెప్పగలను.

మూడో పాటో నాలుగో పాటో, ముందు వరసలో ఒక బలమైన కుర్రాడు పక్కవాళ్ల మీద పడి గుద్దుతూ ఎగరడం మొదలుపెట్టాడు. మెకై పాట ఆపేశాడు. మైకు దగ్గరికి వచ్చి, అరవకుండా, 'సర్' అని పిలిచి, నీ పక్కన చిన్నపిల్లలున్నారు, కాస్త వెనక్కి జరుగు అన్నాడు. వాడు జరిగేదాకా వాయించలేదు. అంతమంది ఎదురుచూస్తున్నా ఆయన ముఖంలో తొందర లేదు. తర్వాత తెలిసింది, ఇది వాళ్లకి ఎప్పుడూ ఉన్న పద్ధతేనని. టికెట్ పెట్టిన షోల్లో అయితే మాట వినని వాడి చేతిలో అయిదు డాలర్లు తిరిగి పెట్టి బయటికి పంపించేసేవారు. టికెట్ ఖరీదే అయిదు డాలర్లు కాబట్టి అది వాళ్లకి తేలికైంది. వంద డాలర్ల టికెట్ అమ్మినవాడు ప్రేక్షకుడితో "నీ డబ్బు నువ్వు తీసుకో, వెళ్లు" అనగలడా? ఆ మాట అనలేనివాడికి తన స్టేజీ మీద తనకి అధికారం లేనట్టే.

వాళ్లకి ఈ పద్ధతి ఎలా అబ్బిందో చెప్పాలంటే 1980కి వెళ్లాలి. మెకై అప్పుడు టీనేజ్ కుర్రాడు, టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్‌లో వాయించేవాడు. జార్జ్‌టౌన్‌లో ఐస్‌క్రీమ్ షాపులో పని. షోల మీద వచ్చిన డబ్బు పంచుకోకుండా దాచారు. బ్యాండ్ విడిపోయేటప్పటికి కొన్ని వందల డాలర్లు పోగయ్యాయి. ఆ డబ్బుతో తమ పాటల రికార్డు వెయ్యి కాపీలు వేశారు. కవరు ఎలా తయారు చేస్తారో తెలీక, ఉన్న ఒక రికార్డు కవరు అతుకులు విప్పి, దాని కొలతల ప్రకారం కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అన్నీ చేత్తోనే అంటించారు. డిస్కార్డ్ రికార్డ్స్ అలా పుట్టింది. మెకై, జెఫ్ నెల్సన్ దాన్ని నడిపారు. ఆర్లింగ్టన్‌లో ఒక మామూలు ఇంట్లోనే ఆఫీసు. డీసీ బ్యాండ్ల రికార్డులే వేస్తారు. బ్యాండ్లతో కాంట్రాక్టులు లేవు, ఖర్చులు పోగా మిగిలింది పంచుకోవడమే. రికార్డు మీదే "పోస్టు ఖర్చుతో కలిపి ఇంత" అని ధర అచ్చేసేవారు. మధ్యలో ఎవరూ పెంచి అమ్మడానికి వీల్లేకుండా!

తర్వాత మెకై, నెల్సన్ల మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ వచ్చి 1983కల్లా ఆగిపోయింది. మందూ సిగరెట్టూ ముట్టని పంక్ కుర్రాళ్ల ఉద్యమం ఒకటి దాని పాట పేరు మీదే బయల్దేరింది. అది వేరే పెద్ద కథ, ఇక్కడ వద్దు. పిచోటో, క్యాంటీ రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండ్ నుంచి వచ్చారు. 1987 సెప్టెంబర్‌లో డీసీ విల్సన్ సెంటర్‌లో ఫుగాజీ మొదటి షో. పిచోటో ఆ తర్వాత చేరాడు, మొదట్లో గొంతు మాత్రమే, గిటార్ తర్వాత పట్టాడు.

అసలు లెక్క ఇక్కడ ఉంది, మీ బ్యాండ్ కోసం రాస్తున్నాను, శ్రద్ధగా చదవండి. టికెట్ అయిదు డాలర్లు. దానికి ఒప్పుకోని హాలు వద్దు. చర్చి హాళ్లు, స్కూల్ జిమ్‌లు, ఏది దొరికితే అది. మేనేజర్ లేడు, షోలు కుదిర్చే ఏజెంటూ లేడు. మెకై ఇంట్లో కూర్చుని తనే ఫోన్లు చేసేవాడు. టూర్లో హోటళ్లకి బదులు అభిమానుల ఇళ్లలో నేల మీద పడుకునేవారు. ఖర్చు తగ్గింది కాబట్టి టికెట్ తగ్గింది. టికెట్ తగ్గింది కాబట్టి జనం నిండారు. జనం నిండారు కాబట్టి కంపెనీ అవసరం రాలేదు. 1990లో వచ్చిన రిపీటర్ ఆల్బమ్ టీవీ ప్రచారం లేకుండానే లక్షల్లో అమ్ముడైంది. వెయ్యి మంది అయిదేసి డాలర్లిస్తే అయిదు వేలు. నలుగురు మనుషులకీ, ఒక వ్యాన్‌కీ అది ఎందుకు సరిపోదు?

టీ షర్టులు కూడా అమ్మలేదు. ఫుగాజీ అని రాసి ఉన్న టీ షర్టు ఎక్కడ కనబడినా అది వాళ్లు వేసింది కాదు. ఎవరో తెలివైనవాడు "ఇది ఫుగాజీ టీ షర్టు కాదు" అని అచ్చేసి అమ్మాడు, అవి తెగ అమ్ముడుపోయాయి కూడా. షోకి వచ్చినవాడు పాట విని వెళ్లాలి, సంచి నింపుకుని కాదు అని వాళ్ల ఉద్దేశం. నాకిది పూర్తిగా సమ్మతం.

1993లో న్యూయార్క్ రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో వాయించినప్పుడు అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా వచ్చి కలిశాడు. సొంత లేబుల్ పెట్టిస్తానన్నాడు, కోటి డాలర్లకి పైమాటేనని చెప్పుకుంటారు. నిర్వాణా అనే రాక్ బ్యాండ్ గెలుపు చూసి ప్రతి కంపెనీ పంక్ బ్యాండ్ల వెంటపడుతున్న రోజులవి. వీళ్లు మర్యాదగా వద్దన్నారు. దీన్ని త్యాగం అని రాసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. త్యాగమెక్కడుంది? ఇల్లు గడుస్తోంది, హాళ్లు నిండుతున్నాయి, రికార్డులు తమవే. కోటి డాలర్లు తీసుకుంటే రేపటి టికెట్ ధర ఇంకొకడు చెబుతాడు. ఆ లెక్క వాళ్లకి ముందే తెలుసు.

ఇప్పుడు మనవాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ అమెరికాలో తెలుగు మ్యూజికల్ నైట్‌కి టికెట్ కొనండి. టికెట్ ధర ఒకటి, దానిమీద సర్వీస్ ఛార్జీ, పార్కింగ్ వేరే. ముందు సోఫాలు స్పాన్సర్లకి. పాట మధ్యలో ఆపి స్పాన్సర్లని స్టేజీ మీదకి పిలిచి శాలువాలు. వెనకాల నలుగురు పిల్లలతో వచ్చిన కుటుంబానికి తెర మీద బొమ్మే గతి. కిందటేడు నేను వెళ్లినదానిలో శాలువాల కార్యక్రమం అయ్యేసరికి మా వరసలో పిల్లలందరూ నిద్రపోయారు. అంతా చూసి, ఒక్క సొంత పాట వినకుండా ఇంటికొచ్చాం.

హైదరాబాద్‌లో ఇంకో రకం బాధ. ఈ తరహా సొంత బ్యాండ్లు వాయించేది ఎక్కువగా పబ్బుల్లోనే. తెలంగాణలో 21 ఏళ్లు నిండకుండా మందు అమ్మకూడదు, అందుకని పిల్లల్ని లోపలికే రానివ్వరు. గిటార్ పట్టుకోవాలని ఆశపడే పదిహేనేళ్ల పిల్ల తన ఊళ్లో బ్యాండ్ వాయించగా ఎక్కడ చూడాలి? దీనికి టీన్ ఐడిల్స్ అప్పుడే దారి చూపించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్లబ్బువాళ్లు వయసు చాలని కుర్రాళ్ల చేతి మీద మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు వేసి లోపలికి పంపారు, ఆ గుర్తున్నవాళ్లకి మందు పోయకూడదని. ఆ కుర్రాళ్లు డీసీకి తిరిగొచ్చి అక్కడి '9:30' అనే క్లబ్బువాళ్లని అదే పద్ధతికి ఒప్పించారు. మార్కర్ పెన్ను పదో ఇరవయ్యో రూపాయలు. మన పబ్బులవాళ్లకి ఇది చేయడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

డీసీలో వాళ్లు చేసిన షోల్లో చాలావరకు ఎవరో ఒకరి సాయం కోసం చేసినవే. 1990 డిసెంబర్‌లో వర్జీనియాలోని లోర్టన్ జైల్లో ఖైదీల కోసం వాయించారు. మరుసటి నెల గల్ఫ్ యుద్ధానికి వ్యతిరేకంగా, ఎముకలు కొరికే చలిలో, వైట్‌హౌస్ ఎదురుగా ఉన్న లఫాయెట్ పార్కులో. లోర్టన్ జైలు 2001లో మూసేశారు. ఇప్పుడక్కడ ఆర్ట్ సెంటర్ ఉంది, ఇళ్లున్నాయి. ఆ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఈ సంగతి చెబితే "జైల్లో కచేరీనా!" అని ఆశ్చర్యపోతారు.

2002 నవంబర్‌లో లండన్‌లో చివరి షో. విడిపోయామని ప్రకటించలేదు, వీడ్కోలు టూర్ పెట్టి డబ్బు చేసుకోలేదు. పిల్లలు, ఇళ్లు, వేరే పనులు. లాలీ, క్యాంటీ ఇప్పుడు మెస్తెటిక్స్ అనే బ్యాండ్‌లో కలిసి వాయిస్తున్నారు. టూర్లలో టేపుల మీద పట్టిన 800కి పైగా షోలని 2011 నుంచి డిస్కార్డ్ సైట్‌లో పెడుతూ వచ్చారు. షోకి అయిదు డాలర్లు అడిగారు, స్తోమత లేకపోతే ఒక డాలర్ ఇచ్చినా చాలన్నారు. మీరు ముందు వాటిలో ఒకటి కొని నలుగురూ కూర్చుని వినండి. ఒకరు ఎత్తుకున్న పాటని మిగతావాళ్లు ఎలా అందుకుంటున్నారో గమనించండి.

తర్వాత మీ పని. మీ నలుగురిలో హాళ్లకి ఫోన్లు చేసేది ఎవరు, లెక్క రాసేది ఎవరు, ఈ వారంలోనే తేల్చుకోండి. పబ్బుల చుట్టూ తిరక్కండి, కాలేజీ ఆడిటోరియం అడగండి, కమ్యూనిటీ హాలు అడగండి. సౌండ్ సిస్టమ్ అద్దె బేరమాడండి. టికెట్ వంద రూపాయలు దాటనివ్వద్దు, ముందు వరసలో సోఫాలు వేయొద్దు. ఏ వయసు వాళ్లయినా రావచ్చని పోస్టర్ మీద అందరికీ కనబడేలా రాయండి.